మోహిని పొయ్యి దగ్గర కూర్చుంది
బి. విఠలాచార్య స్మారకోపన్యాసం



విఠలాచార్య గారి పేరు మీద మాట్లాడమని పిలిచి, ఏం మాట్లాడాలో నాకే వదిలేశారు నిర్వాహకులు. 'జానపద బ్రహ్మ' అన్న బిరుదు పట్టుకుని 'బందిపోటు', 'అగ్గిపిడుగు', 'లక్ష్మీకటాక్షం' చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి దిగిపోవచ్చు. ఆ సినిమాలు మీలో చాలామందికి కంఠతా వచ్చు. వాటి గురించి రాసినవాళ్ళూ ఉన్నారు. ఈ సాయంత్రం నేను ఒక్క సినిమా దగ్గరే కూర్చుంటాను. 1978లో వచ్చిన 'జగన్మోహిని'. దయ్యం సినిమా. తక్కువ డబ్బుతో తీసిన సినిమా. శృంగారం, భయం, కల ఒకే కుండలో ఉడికిన సినిమా. మంచి సినిమాల జాబితాల్లో మనం దీన్ని ఎప్పుడూ పెట్టలేదు. పెట్టాలని చెప్పడానికే వచ్చాను.

ఎవరైనా నమ్మలేని సంగతి చెబితే 'ఇదేం విఠలాచార్య సినిమానా' అని కొట్టిపారేస్తాం. ఆ మాటలో ప్రేమ లేకపోలేదు. చిన్నచూపు కూడా ఉంది. పిల్లలకూ పల్లెటూళ్ళకూ తీసిన సినిమాలనీ, చదువుకున్నవాళ్ళు పొరపాటున చూసినా బయటికి చెప్పుకోకూడదనీ ఒక అభిప్రాయం. దేవుడి సినిమాకి హారతి పట్టాం, సంఘం సినిమాకి అవార్డు ఇచ్చాం, దయ్యం సినిమాని మాత్రం మార్నింగ్ షోకి వదిలేశాం.

ఈ సభ నాంపల్లిలో జరగడం నాకు నచ్చింది. ఇక్కడికి దగ్గర్లోనే, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో, ఈజిప్టు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పడుకుని ఉంది. పేరు నైషు అంటారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పెట్టి ఆ మమ్మీని కొని తెచ్చాడనీ, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కి కానుకగా ఇస్తే ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చాడనీ చెబుతారు. రెండువేల ఏళ్ళు దాటిన శరీరం. స్కూలు పిల్లలు వరసగా వచ్చి అద్దానికి ముక్కు ఆనించి చూస్తారు. చూసి భయపడతారు, ఒక అడుగు వెనక్కి వేస్తారు, మళ్ళీ ముందుకు వస్తారు. చచ్చిపోయిన ఒక యువతిని చూడాలన్న కోరికలో భయం ఎంత, ఆకర్షణ ఎంత అని ఆ పిల్లల్ని అడిగితే చెప్పలేరు. పెద్దల్ని అడిగినా అంతే. నేను ఈరోజు మాట్లాడబోయే సినిమా మొత్తం ఆ వెనకడుగుకీ ముందడుగుకీ మధ్యనే నడుస్తుంది.

ఇక నాంపల్లి పక్కనే ఉన్న అబిడ్స్. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిడ్ పెట్టిన దుకాణం పేరే ఆ బజారుకు నిలిచింది. ఆ కాస్త మేరలో ఎన్ని సినిమా హాళ్ళుండేవో మీకు తెలుసు. జమరూద్ మహల్, ప్యాలెస్ టాకీస్, సంతోష్, సప్నా. ఎన్టీఆర్ తన పెద్ద కొడుకు పేరున కట్టించిన రామకృష్ణ జంట థియేటర్లు, ఒకటి డెబ్భై ఎంఎం, ఒకటి ముప్ఫై అయిదు. విఠలాచార్య గారికి ఎన్నో సినిమాల్లో కత్తి తిప్పిపెట్టిన కథానాయకుడు కట్టిన హాళ్ళు అవి. ఈ బజారు ప్రత్యేకత ఏమిటంటే ఇక్కడి ప్రేక్షకుడిది ఒక్క భాష కాదు. ఉర్దూ, తెలుగు, మరాఠీ, మార్వాడీ అన్నీ ఒకే టిక్కెట్టు వరసలో నిలబడేవి. మాటల మీద ఆధారపడిన సినిమాకి ఇక్కడ సగం హాలే దొరుకుతుంది. దయ్యం సినిమాకి ఆ ఇబ్బంది లేదు. తలుపు దానంతటదే తెరుచుకుంటే దానికి అనువాదం అక్కర్లేదు.

ఆయన జీవితం గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమా అక్కడి నుంచే వచ్చింది. 1920లో ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. చిన్నతనంలోనే ఇల్లు వదిలి అరసికెరె చేరి ఉడుపి హోటలు నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. బయటికి వచ్చాక స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీస్ పెట్టారు. ఆ తర్వాతే డి. శంకర్ సింగ్‌తో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్. 1952లో 'శ్రీ శ్రీనివాస కల్యాణ'తో దర్శకుడయ్యారు. తర్వాత మద్రాసు, తెలుగు సినిమా, 1999లో మరణం.

ఇందులో రెండు సంగతులు నాకు ముఖ్యం. మొదటిది పుట్టిన చోటు, తుళునాడు. అక్కడ భూతాలంటే పారిపోయేవాళ్ళు తక్కువ. భూతాలకు అక్కడ గుళ్ళున్నాయి, కొలువులున్నాయి, ఏటేటా మనిషి ఒంటి మీదికి వచ్చి ఊరి తగవులు తీర్చే అధికారం ఉంది. అన్యాయంగా చచ్చిపోయినవాళ్ళు భూతాలై తిరిగివచ్చి తమ మాట వినమంటారు, ఊరు వింటుంది. రాత్రంతా కాగడాల వెలుగులో ఆడే యక్షగానం కూడా ఆ నేలదే. అలాంటి చోట పుట్టినవాడికి దయ్యం అంటే చీకట్లో దాక్కున్న శత్రువుగా తోచదు. తన ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చిన మనిషిగా తోస్తుంది. ఇది ఆయన ఎక్కడో చెప్పిన మాట కాదు, సినిమాలు చూస్తూ నాకు కలిగిన నమ్మకం.

రెండోది ఆ టూరింగ్ టాకీస్ డేరా. టూరింగ్ టాకీస్ నడిపినవాడు ప్రేక్షకుణ్ణి వెనక నుంచి చూస్తాడు. ఏ రీలు దగ్గర బీడీలు ఆరిపోతాయో, ఎక్కడ పిల్లలు తల్లి కొంగులో తల దూరుస్తారో, ఎక్కడ జనం లేచి బయటికి పోతారో రోజూ చూస్తాడు. ఆయనకు స్క్రీన్‌ప్లే పాఠం అక్కడే జరిగింది.

ఇంకో సంగతి. 1951లో మహాత్మా పిక్చర్స్ నుంచి శంకర్ సింగ్ దర్శకత్వంలో కన్నడంలో ఒక సినిమా వచ్చింది. దాని పేరూ 'జగన్మోహిని'యే. కథానాయిక హరిణి అందులో ఈత దుస్తుల్లో కనిపించడం అప్పట్లో పెద్ద సంచలనం. సినిమా బాగా ఆడింది. అంటే ఆ పేరు, ఆ పేరుకున్న ఆకర్షణ ఆయన దగ్గర ఇరవయ్యేడేళ్ళు ఉన్నాయి. తెలుగులో ఆ పేరు పెట్టేనాటికి ఆయనకు యాభై ఎనిమిది.

1978 నాటికి తెలుగు సినిమా రంగు మారింది. అంతకు ముందు ఏడాదే 'అడవిరాముడు' వచ్చింది. పెద్ద తెర, పెద్ద స్టారు, పెద్ద ఖర్చు. జానపదం పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజులు. ఆయన దగ్గర పెద్ద స్టారు లేడు. నరసింహరాజు అప్పటికి నిలదొక్కుకుంటున్న నటుడు. ప్రభ ఇల్లాలు. మోహిని పాత్రకి జయమాలిని. అప్పటిదాకా ఒక పాటకు వచ్చి వెళ్ళిపోయే నర్తకిగానే అందరూ చూసిన మనిషి. ఆమెను తెచ్చి సినిమా పేరు మీద కూర్చోబెట్టారు.

కథ చెప్పమంటే మూడు ముక్కల్లో చెప్పొచ్చు. ఒక మగవాడు. అతని మీద హక్కు వదులుకోని మోహిని. దేవినే నమ్ముకున్న ఇల్లాలు. మిగతాదంతా ఈ ముగ్గురి మధ్య లాగులాట.

ఈ సినిమా చూసిన ప్రతివాళ్ళకూ గుర్తుండే ఘట్టం ఒకటుంది. దయ్యం వంటింట్లో పొయ్యి ముందు కూర్చుంటుంది. కట్టెల్లేవు. తన కాళ్ళు తీసి పొయ్యిలో పెడుతుంది. మంట అంటుకుంటుంది. వంట మొదలవుతుంది.

నేను ఈ సినిమా చూసింది విడుదలైనప్పుడు కాదు, చాలా ఏళ్ళ తర్వాత ఈ చుట్టుపక్కల హాల్లోనే మళ్ళీ వేసినప్పుడు, మా పిన్నితో కలిసి. ఆ ఘట్టం రాగానే కింద నేల టిక్కెట్టువాళ్ళు కేకలు పెట్టారు. పైన ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చింది మాత్రం నవ్వు. భయం పోగొట్టుకోవడానికి నవ్వే నవ్వులా లేదు. తెలిసిన సంగతి చూసి నవ్వే నవ్వు. మా పిన్ని పక్కావిడతో 'దానికి కిరసనాయిలు క్యూ బాధ లేదమ్మా' అంది. ఆవిడ ఇంకా నవ్వింది. నాకు అప్పుడు అర్థం కాలేదు. రోజుకు మూడు పూటలా పొయ్యి ముందు కూర్చుని, తన ఒళ్ళు తనే కాల్చుకుంటూ ఇంటిల్లిపాదికీ వండిపెట్టే ఆడదానికి ఆ బొమ్మ ఏమంత వింత? తను చేసే పనే తెరమీద దయ్యం చేస్తోంది, కాకపోతే ఉన్నదున్నట్టు చేస్తోంది. ఎంత డబ్బు పోసినా కొనలేని ఊహ అది. వంటిల్లు ఎరిగినవాళ్ళకే వస్తుంది. ఒకప్పుడు హోటలు నడిపిన మనిషికి పొయ్యి సంగతి తెలుసు మరి.

థాయిలాండ్‌లో మే నాక్ అని ఒక దయ్యం కథ ఉంది. బ్యాంకాక్‌లో ఫ్రా ఖనోంగ్ అనే చోటుకు చెందింది. భర్త యుద్ధానికి వెళ్ళినప్పుడు ఆమె కాన్పులో చనిపోతుంది. అతను తిరిగొస్తే భార్యలాగే ఇంట్లో ఉండి కాపురం చేస్తుంది. ఒకరోజు వంట చేస్తుంటే నిమ్మకాయ జారి ఎత్తుగా కట్టిన ఇంటి కింద పడుతుంది. ఆమె పరాకుగా చెయ్యి సాగదీసి నేల సందులోంచి కిందికి చాపి కాయ తీసుకుంటుంది. భర్త చూస్తాడు. అంతే, రహస్యం బయటపడుతుంది. ఆ కథను థాయిలాండ్‌వాళ్ళు ఎన్నోసార్లు సినిమాగా తీశారు. 1999లో నోంజీ నిమిబుత్ర్ తీసిన 'నాంగ్ నాక్' ప్రపంచమంతా తిరిగింది. ఆమెకు గుడి ఉంది, మొక్కులున్నాయి. మే నాక్ చేతికి ఉన్నంత గౌరవం మన మోహిని కాలికి కూడా దక్కాలని నా కోరిక. రెండూ ఒకే ఊహ. దయ్యాన్ని కోరలు పట్టించవు, ఇంటిపని పట్టిస్తుంది. చచ్చినా పని తప్పలేదు కాబట్టే దొరికిపోతుంది.

ఇప్పుడు ఆ ఘట్టం ఎలా తీస్తారో కాస్త దగ్గరికెళ్ళి చూద్దాం. అప్పట్లో కంప్యూటర్లు లేవు. ఇలాంటి మాయలకు ఉన్న దారులు కొన్నే. కెమెరాను కదలకుండా బిగిస్తారు. నటి కూర్చుంటుంది. ఒక క్షణం వరకు తీసి కెమెరా ఆపుతారు. లైట్లు కదలకూడదు, మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయి ఉండాలి. నటి పక్కకు తప్పుకుంటుంది, లేదా బొమ్మ కాలు వచ్చి చేరుతుంది. మళ్ళీ కెమెరా నడుస్తుంది. రెండు ముక్కల మధ్య కాలం కత్తిరించిపోయింది, తెరమీద మాత్రం ఆగలేదు. పారిస్‌లో జార్జ్ మెలియెస్ వీధిలో చిత్రం తీస్తుంటే కెమెరా ఇరుక్కుందనీ, మళ్ళీ నడిచాక చూస్తే తెరమీద బస్సు కాస్తా శవాన్ని తీసుకెళ్ళే బండిగా మారిపోయిందనీ ఆయనే చెప్పుకున్నాడు. సినిమాలో మాయ పుట్టిన క్షణంలోనే చావు వచ్చి కూర్చుందన్నమాట. ఇక పారదర్శకంగా తిరిగే దయ్యానికి మరో దారి. ఒకసారి ఖాళీ గది తీస్తారు. ఫిల్ము వెనక్కి తిప్పి అదే ఫిల్ము మీద నల్లగుడ్డ ముందు నటిని తీస్తారు. ఆమె ఒంట్లోంచి వెనకున్న గోడ కనిపిస్తుంది.

ఈ అతుకుల్ని చూసి నవ్వుతారు. నేను ఆ అతుకుల దగ్గరే ఆగి చూస్తాను. కెమెరా ఆపి మళ్ళీ నడిపినప్పుడు ఎంత బిగించినా ఏదో ఒకటి మారుతుంది. చీర కుచ్చిళ్ళు కాస్త జరుగుతాయి. సాంబ్రాణి పొగ ఒక ఆకారంలో ఉన్నది మరో ఆకారంలోకి దూకుతుంది. వెనకున్న ఆకు నీడ రవ్వంత కదులుతుంది. కళ్ళు దాన్ని పట్టుకోలేవు, ఒళ్ళు పట్టుకుంటుంది. ఏదో జరిగిందని తెలుస్తుంది, ఏం జరిగిందో తెలియదు. కలలో మనకు జరిగేది సరిగ్గా ఇదే. కలలో గది మారుతుంది, మారడం కనిపించదు. తల్లిగా మొదలైన మనిషి టీచరుగా ముగుస్తుంది, మనం ఆశ్చర్యపోం. కోట్లు పోసి చేసిన గ్రాఫిక్స్ ఆ దూకుడును చెరిపేసి నున్నగా చేస్తాయి. 2009లో తమిళంలో నమిత కథానాయికగా 'జగన్మోహిని'ని మళ్ళీ తీశారు. సంగీతం ఇళయరాజా. కంప్యూటర్ మాయలన్నీ ఉన్నాయి. ఈ రోజు ఎవరికీ గుర్తులేదు. 1978 నాటి సినిమా తమిళంలోకి డబ్ అయి బాగా ఆడింది, ఇప్పటికీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

డబ్బు లేకపోవడం దర్శకుణ్ణి కల వైపు నెట్టిన సందర్భాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. 1942లో హాలీవుడ్‌లో ఆర్‌కేవో సంస్థ వాల్ ల్యూటన్‌కి కొద్దిపాటి బడ్జెట్ ఇచ్చి, పేరు కూడా తామే పెట్టి, భయపెట్టే సినిమా తీయమంది. జాక్ టూర్నర్ దర్శకత్వంలో 'క్యాట్ పీపుల్' వచ్చింది. మృగాన్ని చూపించే డబ్బు లేదు కాబట్టి నీడలు చూపించారు. ముద్దు పెట్టుకుంటే తాను మృగమైపోతానని భయపడే స్త్రీ కథ అది. కోరికే భయం. 1962లో కాన్సాస్‌లో పరిశ్రమల ప్రచార చిత్రాలు తీసుకునే హెర్క్ హార్వే సుమారు ముప్ఫై మూడు వేల డాలర్లతో 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' తీశాడు. అందులో ఒక అమ్మాయి దుకాణంలో నిలబడి పిలుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళకు ఆమె కనిపించదు, వినిపించదు. ఫ్రాన్సులో జాన్ రోలాఁ 1968 నుంచి సముద్రపు ఒడ్డునా శ్మశానాల్లోనూ రక్తపిశాచి స్త్రీలను తిప్పుతూ అతి తక్కువ ఖర్చుతో శృంగార స్వప్నాలు తీశాడు. అతని మొదటి సినిమాకి పారిస్ ప్రేక్షకులు గొడవ చేశారు. ఇవాళ వీళ్ళందరి సినిమాలూ శుభ్రం చేసి భద్రపరిచారు, వాటి మీద పుస్తకాలు రాశారు. విఠలాచార్య గారు వాళ్ళకు తీసిపోలేదు. పైగా వాళ్ళెవరికీ లేని కష్టం ఒకటి ఆయనకుంది. ఆయన సినిమా పసిపిల్లలతో సహా కుటుంబమంతా వచ్చి చూడాలి.

ఆయన పొదుపు గురించి ఎన్నో కథలున్నాయి. కాల్షీట్ల దగ్గర పేచీ పెట్టిన నటుణ్ణి కథలో మునిశాపం పెట్టించి చిలకగానో మేకగానో మార్చేసి షూటింగు పూర్తి చేసేవారని పరిశ్రమలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఇందులో నిజమెంతో గాని, ఇది నమ్మదగినదిగా తోచడమే ఆయన సినిమాల గొప్పతనం. మనుషులు చిలకలయ్యే లోకాన్ని ఆయన అంత గట్టిగా నిలబెట్టారు. ఆ లోకంలో అలాంటి మార్పుకు కారణం అడిగేవాడు లేడు.

ఇక శృంగారం దగ్గరికి వద్దాం. ఈ భాగాన్ని మెల్లగా దాటేయడం సభామర్యాద అనుకుంటారు. దాటేస్తే ఈ సినిమా గురించి మాట్లాడనట్టే. జయమాలిని ఒంటిని కెమెరా ఆశగా చూసింది, అందులో దాచేదేం లేదు. ఆ చూపు మగవాడిదే. టిక్కెట్లు దానితోనే తెగాయి. ఇది నేను ఒప్పుకుంటాను. కానీ అంతటితో ఆగిపోయిన విమర్శకులు సినిమా సగమే చూశారు. అప్పటి సినిమాల్లో నర్తకి పాట పాడి విలన్ ఒళ్ళో కూర్చుని వెళ్ళిపోయేది. ఆమెకు ఏం కావాలో ఎవరూ అడిగేవారు కాదు. ఇక్కడ ఆమెకు కావలసింది ఉంది. కావాలని చెబుతుంది. దానికోసం అడవులూ అంతఃపురాలూ దాటి వస్తుంది. ఆమె ఆడితే చెట్లూ పుర్రెలూ ఆడతాయి. కోరుకునే హక్కు బతికున్న ఆడదానికి తెలుగు తెర ఇవ్వలేదు, చచ్చినదానికి ఇచ్చింది. ఇందులో మన సమాజం గురించి ఒక చేదు నిజం ఉంది, అలాగే ఆ సందును పట్టుకున్న దర్శకుడి తెలివీ ఉంది.

చివరికి ఇల్లాలే గెలుస్తుంది. దేవి ఆమె పక్షం. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఆకలిగొన్న ఆడదాన్ని ఓడించడానికి ఓపికగల ఆడదాన్ని పంపడం మన కథల్లో పాత అలవాటు. ఇద్దరి మధ్యా నిలబడిన మగవాడికి మాత్రం ఏ శిక్షా ఉండదు. అయితే ప్రేక్షకుడి జ్ఞాపకం దర్శకుడి తీర్పును పాటించలేదు. మీలో ఎంతమందికి ఆ ఇల్లాలు పాడిన భక్తి పాట గుర్తుంది? మోహిని నడక అందరికీ గుర్తుంది. ప్రభ గారు మంచి నటి, లోపం ఆమెది కాదు. సినిమా ముగింపు ఇల్లాలికి ఇచ్చింది, ఊపిరంతా మోహినికి ఇచ్చింది. ఆ తర్వాత 'గంధర్వ కన్య', 'మదన మంజరి', 'మోహినీ శపథం' అని ఆయన అదే దారిలో వెళ్ళారు. పేర్లు చూడండి, ఒక్క పేరులోనూ ఇల్లాలు లేదు.

అబిడ్స్ హిందీ హాళ్ళ ప్రేక్షకులకు ఇలాంటివే మరో ఇంటి నుంచి వచ్చేవి. రామ్సే సోదరులు. 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' కోసం కుటుంబమంతా మహాబలేశ్వర్ వెళ్ళి, గెస్ట్‌హౌసుల్లో దిగి, ఇంట్లోవాళ్ళే పనులు పంచుకుని సినిమా పూర్తి చేశారు. 1984లో 'పురానా మందిర్' దేశమంతా ఆడింది. 1988లో 'వీరానా'. అందులో జాస్మిన్ కళ్ళు చూసినవాళ్ళు మరిచిపోలేరు. రామ్సేలది పాత హవేలీ, తుఫాను, శాపం. వాళ్ళ దయ్యం తరతరాల జమీందారీ పాపాన్ని మోస్తుంది. విఠలాచార్య గారి దయ్యం ఇంట్లోకి వచ్చి పీట వేసుకుని కూర్చుంటుంది. రామ్సేల సినిమాలు నాకు ఇష్టమే, కాని అక్కడి స్నానాల పాటలకూ అక్కడి భయానికీ పొత్తు కుదరదు. పాట అయిపోయాక దయ్యం వస్తుంది. 'జగన్మోహిని'లో పాట పాడేదే దయ్యం.

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశారు. హిందీలో 'రాత్'. రేవతి నటన, తేజ కెమెరా, మణిశర్మ నేపథ్య సంగీతం. హైదరాబాదు పిల్లాడు తీసిన దయ్యం సినిమా. అందులో మేకప్పు లేదు, పుర్రెల్లేవు. సినిమా హాల్లో కూర్చున్న అమ్మాయి చుట్టూ ఉన్న జనం ఉన్నట్టుండి లేకుండా పోయే ఘట్టం ఉంది. ఖాళీ కుర్చీల వరసలు. హైదరాబాదులో పెద్ద హాళ్ళలో మ్యాట్నీలు చూసి పెరిగినవాడికే ఆ భయం తెలుస్తుంది. ఆ సినిమా అంటే నాకు గౌరవం. కాని వర్మ భయాన్ని శుభ్రం చేశారు. దాన్ని కోరిక నుంచి విడదీశారు. తర్వాతి తెలుగు దయ్యం సినిమాల్లో చాలావాటికి అదే దారి అయింది. మన దయ్యాలకు కోపం మిగిలింది, ఆకలి పోయింది.

2012లో రవిబాబు 'అవును' తీసినప్పుడు మాత్రం ఒక విచిత్రం జరిగింది. కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిని ఆ ఇంట్లో కనిపించని మగ దయ్యం వెంటాడుతుంది. దాదాపు ఒకే ఇల్లు, కొద్దిమంది నటులు, చిన్న ఖర్చు. పూర్ణ చేసిన ఆ పాత్ర పేరు మోహిని. 1978లో మోహిని అంటే కోరుకునే దయ్యం. 2012లో మోహిని అంటే దయ్యం కోరే మనిషి. పాత మోహిని వస్తే గజ్జెలు వినిపించేవి, పరిమళం వచ్చేది, పారిపోవడానికి వేళ ఉండేది. ఈ దయ్యం స్నానాలగదిలో నిలబడి చూస్తుంది, చూస్తున్నట్టు ఆమెకు తెలియదు. భయపెట్టడంలో సినిమా గెలిచింది. నాకైతే బయటికి వచ్చాక చాలాసేపు మనసు బాగాలేదు. కోరికలోంచి కల తీసేస్తే మిగిలేది ఆ పొంచి చూసే కళ్ళే. విఠలాచార్య గారు ఎంత చౌకగా తీసినా ఆ మెట్టు దిగలేదు. ఆయన మోహిని ఎదురుగా వచ్చి నిలబడి తన పేరు చెప్పి అడుగుతుంది.

ఇక నేను అసలు అడగదలచుకున్నది అడుగుతాను.

ఆ కాలపు రంగు ప్రింట్లు ఎంత జాగ్రత్తగా పెట్టినా వెలిసిపోతాయి. మొదట నీలం, పచ్చ పలచబడతాయి, గులాబీ ఎరుపు మిగులుతుంది. అడవి పచ్చదనం పోతుంది, నీలిరంగు రాత్రి పోతుంది. ఈ సినిమాకి రాత్రి రంగే ప్రాణం. ఇవాళ ఫోన్లలో మనం చూస్తున్నది పాత వీడియో క్యాసెట్ల నుంచి ఎక్కించిన మసక బొమ్మ. దాన్ని చూసి నవ్వే కుర్రవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళు చూస్తున్నది ఆ సినిమా కానే కాదు. పుణెలోని జాతీయ ఫిల్ము ఆర్కైవు 1964 నుంచి ఉంది. అక్కడికి చేరేవి కూడా ఎవరో ఒకరు ముఖ్యమని చెప్పి పంపినవే. దయ్యం సినిమా ముఖ్యమని చెప్పేవాళ్ళు మనలోంచి రావాలి.

అది పెద్ద పని, డబ్బుతో పని. చిన్న పని ఒకటి మనందరి చేతిలో ఉంది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచినప్పుడు గుట్టల అడుగున సినిమా పాటల పుస్తకాలు దొరుకుతాయి. సన్నటి కాగితం, నాలుగైదు పేజీలు. జానపద సినిమాలవి కనిపిస్తే కొనండి. అట్ట మీద జయమాలిని బొమ్మ చూసి సిగ్గుపడి వదిలేయకండి. లోపల కథాసంగ్రహం ఉంటుంది, సాంకేతిక నిపుణుల జాబితా ఉంటుంది. ట్రిక్కులు ఎవరివి, కళ ఎవరిది, మేకప్ ఎవరిది, నృత్యాలు ఎవరివి. ఇవాళ ఏ పుస్తకంలోనూ సరిగా లేని పేర్లు అవి. అలాగే ఈ హాళ్ళలో ఆపరేటర్లుగా చేసి రిటైరైనవాళ్ళు ఇంకా ఈ బస్తీల్లో ఉన్నారు. ఏ రీలు దగ్గర జనం ఎలా ఉండేవారో వాళ్ళకు తెలుసు, బాక్సాఫీసు లెక్కల్లో అది ఉండదు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి, ఫోనులోనే రికార్డు చేయండి, తేదీ వేసి దాచండి. ఈ సభ నిర్వాహకులకు నా మనవి కూడా ఇదే. వచ్చే ఏడాది ఈ వేదిక మీద నాలాంటి ఉపన్యాసకుడికి బదులు అలాంటి ఒక ఆపరేటర్‌ని కూర్చోబెట్టండి, మనం కింద కూర్చుని విందాం.